పదిహేడు వోల్టులు

మా ఆయన చొక్కాలకు చిల్లులు పడుతుంటే మొదట తప్పు సబ్బు మీద వేశాను. తర్వాత ఉతికే బండ మీద వేశాను. ఉతికేటప్పుడు బాగానే ఉన్న చొక్కా, ఆరిన తర్వాత దండెం మీంచి తీసేసరికి పొట్ట దగ్గరా ముంజేతుల దగ్గరా ఆవగింజలంత బెజ్జాలతో చేతికొచ్చేది. వేలు తగిలితే చాలు, ఆ బెజ్జం చిరిగి రూపాయి బిళ్ళంత అయ్యేది. నేను ఆళ్ళగడ్డలో హైస్కూలు సైన్సు టీచర్ని. గంధకామ్లం నూలుగుడ్డను తినేస్తుందని ఏటా పిల్లలకు చెప్పేదాన్ని. అదే పాఠం మా దండెం మీద వేలాడుతుంటే గుర్తుపట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది.

డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. మాకొక లారీ ఉండేది. మాకు అంటే మా ఆయనకూ, మా అన్నకూ. ఇద్దరికీ చెరి సగం. అప్పటికే రెండు చేతులు మారిన పాత బండి. బేతంచెర్లలో నాపరాళ్ళు ఎక్కించుకుని పాణ్యం మీదుగా నంద్యాలకు, అక్కణ్ణుంచి ఆళ్ళగడ్డకు తిరిగేది. తోలేది మా ఆయన. పదేళ్ళపాటు పరాయివాళ్ళ లారీలు తోలిన మనిషి. సొంత బండి అనే మాట ఆయన నోట్లో ఎంత తియ్యగా పలికేదో ఇప్పటికీ గుర్తుంది. బేతంచెర్ల నుంచి వచ్చేటప్పుడు పాణ్యంలో ఆపి, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొని, చల్లారకుండా టవల్లో చుట్టి నా కోసం తెచ్చేవాడు. ఆదివారం చర్చిలో మగవాళ్ళ వైపు మొదటి వరసలో కూర్చుని గొంతెత్తి పాడేవాడు. ఆయన మంచివాడు కాదని అప్పట్లో ఎవరైనా చెప్పి ఉంటే నేను వాళ్ళతో మాటలు మానేసి ఉండేదాన్ని.

అన్న నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. మా ఊరు శిరివెళ్ళకు దగ్గర ఒక పల్లె. నేను ఏడో తరగతిలో ఉండగా మా నాయన పోయాడు. అన్న చదువు అప్పటికే ఆగిపోయింది, నాది ఆగనివ్వలేదు. నంద్యాలలో హాస్టల్లో చేర్చాడు, తర్వాత టీచరు ట్రైనింగుకు పంపాడు. పెళ్ళై ఉద్యోగం చేస్తున్నా నన్ను పాపా అనే పిలిచేవాడు. లారీలో తన సగం కోసం జత ఎద్దుల్నీ బండినీ అమ్మేశాడు. "కాలం మారతాంది పాపా. ఎద్దులు ఎన్నాళ్ళు లాగుతాయి," అన్నాడు. చదువుకున్న చెల్లెలి మొగుడు, తాగుడు లేని మనిషి, నమ్మకానికి అంతకంటే ఏం కావాలి అనుకున్నాడు.

అన్నకు రెండు పట్టింపులు ఉండేవి. ఆదివారం బండి కదలకూడదు. రాళ్ళు లెక్కకు మించి ఎక్కించకూడదు. మా ఆయనకు రెండూ గిట్టేవి కావు. "అందరూ ఎక్కిస్తాండారు బావా, మనం ఒక్కరమే మడి కట్టుకుంటే ఎట్ల," అనేవాడు. అన్న గొంతు పెంచకుండా, "బండి మనదే గానీ రోడ్డు మనది కాదు గదప్పా," అనేవాడు. అంతటితో మాట ఆగిపోయేది. మా ఆయన నవ్వి లేచిపోయేవాడు. ఆ నవ్వు ఎలాంటిదో నేను పట్టించుకోలేదు.

ఆ రోజుల్లో పాత లారీలన్నిటికీ డైనమోలే ఉండేవి. మా బండి డైనమో రెండుసార్లు మొరాయించాక, నంద్యాలలో ఒక ఎలక్ట్రీషియన్ దగ్గర దాన్ని తీయించి ఆల్టర్నేటర్ వేయించారు. ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపడం దాని పని. దానికి తోడు రెగ్యులేటర్ అని ఒక చిన్న డబ్బా ఉంటుంది. బ్యాటరీకి ఎంత కావాలో అంతే పోనిచ్చి, మిగతాది ఆపుతుంది. బిగించిన రోజు అన్న ఆ డబ్బాను చూసి, "ఇంత చిన్నది అంత పని చేస్తాదా," అని ఆశ్చర్యపోయాడు. ఎలా చేస్తుందో ఇంటి అరుగు మీద సుద్దముక్కతో బొమ్మ గీసి చెప్పాను. చివరిదాకా శ్రద్ధగా విన్నాడు.

ఆరు నెలలు బాగా నడిచింది. తర్వాత మొదలైంది. బ్యాటరీలో పోసిన నీళ్ళు వారానికే ఇంకిపోయేవి. హెడ్‌లైట్ బల్బులు ఒకదాని తర్వాత ఒకటి మాడిపోయేవి. బండి దగ్గరికి వెళ్తే మురిగిన కోడిగుడ్డు వాసన. ఒక బ్యాటరీ పక్కలు ఉబ్బి పగిలింది. ఇంకోటి వేస్తే అదీ అంతే. నంద్యాల ఎలక్ట్రీషియన్ చూసి, అంతా బాగానే ఉందని పంపించేవాడు. నిజానికి కొన్నాళ్ళు బాగానే ఉండేది. మళ్ళీ మొదలయ్యేది.

అన్న పూచీ తీసుకున్న పని ఏదైనా ఉంటే ఆ రోజే తప్పకుండా ఏదో ఒకటి జరిగేది. మా పల్లె చర్చికి కొత్తగా గచ్చు వేయిస్తున్నారు. నాపరాళ్ళు నేను తెప్పిస్తానని అన్న సంఘంలో మాటిచ్చాడు. గురువారం పొద్దున రాళ్ళు వస్తాయని పనివాళ్ళు కూర్చున్నారు. బ్యాటరీ చచ్చి బండి పాణ్యం దాటాక ఆగిపోయింది. శనివారం మధ్యాహ్నానికి గానీ ఊరు చేరలేదు. పనివాళ్ళు వేరే పనికి వెళ్ళిపోయారు, ఆదివారం ఆరాధన మట్టినేల మీదే జరిగింది. ఎవరూ ఏమీ అనలేదట. ఎవరూ అనకపోవడమే కష్టంగా ఉండిందని అన్న తర్వాత నాతో చెప్పాడు.

ఆ తర్వాతే మా ఆయన ఒక మాట మొదలుపెట్టాడు. నేరుగా తనది కాదు, ఎవరో అన్నట్టు. "నంద్యాల లారీ స్టాండులో అంటాండారు బావా. కొందరికి ఇనుము అచ్చిరాదంట. నేను నమ్మననుకో." మేం క్రైస్తవులం, అచ్చిరావడం గిచ్చిరావడం నమ్మకూడదు. కానీ ఎద్దుల్ని అమ్మి బండి కొన్న రైతు చెవిలో ఆ మాట పడితే అది ఊరికే ఉండదు. అన్న మా ఇంటికి వచ్చినప్పుడల్లా బండి చుట్టూ ఒకసారి తిరిగేవాడు. తర్వాత తర్వాత దాన్ని ముట్టుకోవడం మానేశాడు.

ఒక శనివారం పొద్దున మా ఆయన నాతో, "మీ అన్న రేపు వస్తాండాడు. బడి నుంచి ఆ వోల్టు మీటరు తీసుకురా. నువ్వే పెట్టి సూడు. నేను సెప్తే ఏమనుకుంటాడో, నువ్వు సెప్తే నమ్ముతాడు," అన్నాడు.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన లారీ సంగతి నన్ను అడగడం అదే మొదటిసారి. హెడ్మాస్టరు అనుమతి అడిగి, స్టాకు పుస్తకంలో సంతకం పెట్టి, చెక్కపెట్టెలో ఉన్న మీటరును కొంగు చాటున పట్టుకుని తెచ్చాను. ఆదివారం చర్చి అయ్యాక, అన్నం తినకముందే ముగ్గురం బండి దగ్గర చేరాం. ఇంజను ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ పన్నెండున్నర వోల్టులు చూపించింది. మా ఆయన ఎక్కి స్టార్ట్ చేశాడు. ముల్లు పద్నాలుగు దాకా వచ్చింది. యాక్సిలేటర్ గట్టిగా నొక్కమన్నాను. పద్నాలుగు మీద ఇంకో పిసరు కదిలి ఆగిపోయింది. ఎంతసేపు నొక్కినా అక్కడే ఉంది. అచ్చంగా ఉండాల్సినట్టే ఉంది.

"ఆల్టర్నేటర్ బాగుందన్నా. రెగ్యులేటరూ బాగుంది. ఇందులో లోపమేం లేదు," అని చెప్పాను. క్లాసులో చెప్పినట్టే చెప్పాను.

అన్న వంగి మీటరు ముల్లును చూశాడు. "అయితే బండిలో లేదు," అన్నాడు. "నాలోనే ఉండాది."

"అట్లెందుకనుకుంటావన్నా."

"నువ్వు సూసి సెప్పినాక ఇంగ అనుమానమేముంది పాపా. లోపం ఉంటే నీకు తెలిసిపోయేది గదా."

మా ఆయన ఇంజను ఆపి దిగి, అన్న భుజం మీద చెయ్యి వేసి అన్నానికి పిలుచుకుపోయాడు. ఆ రోజు నేను కోడికూర చేశాను. అన్న సరిగ్గా తినలేదు. చేతులు కడుక్కుంటూ, తన సగం వదులుకుంటానని చెప్పాడు. మా ఆయన వద్దన్నాడు. వద్దు బావా, తొందరపడొద్దు, ఇంకో నెల చూద్దామన్నాడు. అంత ఓపికగా మాట్లాడుతుంటే నా మొగుడని లోలోపల గర్వపడ్డాను.

ఆ నెలలో బండి ఇంకో రెండుసార్లు ఆగింది. అన్న ఇక వినలేదు. సోమవారం వచ్చి కాగితం మీద సంతకం పెట్టడానికి మాట అయిపోయింది. దానికి ముందు శనివారం పొద్దున మా ఆయన బేతంచెర్ల నుంచి వచ్చి, ఆళ్ళగడ్డలోనే రాళ్ళు దింపించి, బండిని ఇంటి ముందు నిలిపాడు. స్నానం చేసి చొక్కా మార్చుకుని, ఆ కాగితం రాయించుకుని వస్తానని బస్సెక్కి నంద్యాల వెళ్ళాడు. నేను బడికి బయల్దేరుతూ ఆయన విప్పిన చొక్కాను నీళ్ళలో వేశాను. తడవగానే పొట్ట దగ్గర కొత్త బెజ్జాలు తేలాయి.

పక్కింట్లో ఒక సాయిబు తాత ఉండేవాడు. జీవితమంతా బస్సులు నడిపి రిటైరైన మనిషి. నేను తాళం వేస్తుంటే మా లారీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"టీచరమ్మా, ఈ బ్యాటరీ ఉడుకుతాంది. చెయ్యి పెట్టి సూడు," అన్నాడు.

పెట్టి చూశాను. బండి ఆపి గంట దాటినా అన్నం గిన్నెలాగా వేడిగా ఉంది.

"ఛార్జింగు ఎక్కువైతాంది."

"నేను మీటరు పెట్టి చూశాను తాతా. బాగానే ఉండింది."

"ఎప్పుడు సూసినావు?"

"పోయిన నెల, ఆదివారం."

"ఆ పొద్దు సంగతి ఆ పొద్దే. ఈ పొద్దు సంగతి ఏందీ?"

ఆ మాట నన్ను బడిలో కుదురుగా ఉండనివ్వలేదు. శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం మళ్ళీ స్టాకు పుస్తకంలో సంతకం పెట్టి మీటరు తెచ్చాను. బండి తాళంచెవి ఎప్పుడూ ఇంట్లో మేకుకే వేలాడేది. తాత సీట్లో ఎక్కి కూర్చున్నాడు, నేను బ్యాటరీ పెట్టె దగ్గర మీటరు పట్టుకుని నిలబడ్డాను.

ఇంజను అందుకుంది. ముల్లు పద్నాలుగు దగ్గర ఆగలేదు. పదిహేను దాకా వచ్చింది. తాతను కాలు నొక్కమన్నాను. పదహారు దాటింది. పదిహేడు మీద నిలబడి సన్నగా వణికింది. బ్యాటరీ మూతల్లోంచి బుసబుసమని బుడగలు, వాటితోపాటు ఆ వాసన. తాత పైనుంచి, "ఈడ ఆంపియర్ మీటరు ముల్లు కూడా ప్లస్సు చివరికంటా కొట్టుకోని ఉండాది," అన్నాడు.

బండి ఆపించాను. రెగ్యులేటర్ చెడిపోయిందేమో అన్నాడు తాత. ముందు నాకూ అదే తోచింది. అయితే నెల కింద బాగున్నది ఇప్పుడెలా చెడింది? చెడితే మధ్యమధ్యలో ఎలా బాగవుతోంది? రెగ్యులేటర్ నుంచి ఆల్టర్నేటర్‌కు ఒక తీగ వెళ్తుంది. లోపలి తీగచుట్టకు కరెంటు అందేది దాని ద్వారానే. దాన్ని పీకేస్తే ఆల్టర్నేటర్ తిరుగుతూనే ఉంటుంది గానీ కరెంటు పుట్టించదు. రెగ్యులేటర్ దగ్గర ఆ తీగను ఊడదీసి పక్కకు వంచి, మళ్ళీ స్టార్ట్ చేయమన్నాను.

ముల్లు పన్నెండు మీదే ఉండాలి. పదిహేడుకు వెళ్ళింది.

ఎంతసేపు చూసినా దిగలేదు. తాత దిగొచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఊడదీసిన తీగను చూశాడు, మీటరును చూశాడు.

"నీళ్ళు వేరే కాలవలోంచి వస్తాండాయి టీచరమ్మా," అన్నాడు.

ఇంజను ఆపి, చల్లారనిచ్చి, ఆల్టర్నేటర్ దగ్గరికి చెయ్యి పోనిచ్చాను. మేం ఊడదీసిన తీగ కొస ఒక నట్టు కింద ఉంది. దుమ్ము పట్టి, గ్రీజు పట్టి, రంగు తెలియకుండా ఉంది. అదే నట్టు కింద ఇంకో తీగ ఉంది. సన్నగా, నల్లగా, కొత్తగా. మిగతా తీగల కట్టతో కలిపి పైన నల్ల టేపు చుట్టేశారు, అందుకే పైకి కనిపించదు. వేలితో టేపు విప్పుకుంటూ వెళ్ళాను. తీగ క్యాబిన్ అడుగున ఉన్న బెజ్జంలోంచి లోపలికి దూరింది. తాత లోపలి నుంచి దాన్ని అందుకుని లాగి చూస్తే డ్రైవరు సీటు చెక్క కింద కదిలింది. సీటు ఎత్తాం. చెక్క అడుగున, కూర్చున్న మనిషి చెయ్యి వేలాడేస్తే సరిగ్గా తగిలే చోట, రెండు మరలతో బిగించిన చిన్న స్విచ్చి ఉంది. దాంట్లోంచి ఇంకో తీగ తాళంచెవి దగ్గరికి పోయింది.

స్విచ్చి వేసి ఉంది. పొద్దున దిగే తొందరలో ఆపడం మరిచిపోయినట్టున్నాడు.

రెగ్యులేటర్ తీగను మళ్ళీ తగిలించి, స్విచ్చి ఆపి స్టార్ట్ చేయించాను. పద్నాలుగు. వేయించాను, పదిహేడు. ఆపించాను, పద్నాలుగు. తెలిసిపోయాక కూడా ఇంకో నాలుగుసార్లు వేయించి ఆపించాను. ఏదో ఒకసారి తప్పు చూపిస్తుందని కాబోలు. చూపించలేదు.

"పొరపాటున పెట్టింది కాదిది," అన్నాడు తాత. చేతులు తుడుచుకున్నాడు. "నేనేం సూళ్ళేదు టీచరమ్మా. మీ ఇంటి సంగతి మీది." వెళ్ళిపోతూ గేటు గడియ వేసి పోయాడు.

నేను లారీ మెట్టు మీద కూర్చున్నాను. ఆ సీట్లో కూర్చునే మనిషి ఒక్కడే. ఎలక్ట్రీషియన్ ఆయన చెప్పినట్టు బిగించి ఉంటాడు, లేకపోతే ఆయనే బిగించుకుని ఉంటాడు. పాణ్యం దాటాక చర్చి రాళ్ళతో ఆగిన బండి గుర్తొచ్చింది. అప్పటికి ఆ స్విచ్చి ఎన్ని గంటలు వేసి ఉంచి ఉంటాడో లెక్క వేయబోయి మానేశాను. అన్నకు బండి మీద విరక్తి పుట్టాలి, తనంతట తానే వదులుకుని పోవాలి. అడిగి తీసుకుంటే చెడ్డపేరు వస్తుంది. ఇదంతా అర్థమవుతూ ఉంటే కోపం వచ్చింది గానీ అది ఒక మాదిరి కోపం. ఆ ఆదివారం గుర్తొచ్చాక మాత్రం అది కోపంగా కూడా మిగల్లేదు. మీటరు తెమ్మన్నది ఆయనే. నేనడగలేదు. స్విచ్చి ఆపి, నా చేత చూపించి, నా నోటితో చెప్పించాడు.

సాయంత్రం వెలుగు ఉండగానే వచ్చాడు. చేతిలో చుట్టిన కాగితం, టవల్లో వేరుశనక్కాయలు. నేను స్విచ్చినీ తీగనూ ఊడదీసి బల్ల మీద పెట్టి ఉంచాను. చూశాడు. చెప్పులు విడవడం సగంలో ఆగింది.

"ఎవరు సూసినారు?" అన్నాడు. ఏందిది అని కూడా అడగలేదు.

"నేను చూశాను. చాలదా?"

కూర్చున్నాడు. "పదేళ్ళు ఒకరి కింద తోలినా. ఎండకు ఎండేది నేను, వానకు తడిసేది నేను. మీ అన్న గట్టు మీద కూర్చోని ఆదివారం వద్దు, బరువు వద్దు అంటాండాడు. అదీ ఒకరి కింద తోలినట్టే గదా," అన్నాడు.

"ఆ మాట అన్నతోనే అనాల్సింది. లేదంటే నాతో అనాల్సింది."

"నీతో అంటే ఏం సేస్తావు? మీ అన్నతో సెప్తావు."

"ఆ రోజు మీటరు నాతో ఎందుకు తెప్పించారు?"

ఆయన నా మొహం చూడలేదు. "నా మాట మీద ఆయనకు అనుమానం ఉండె. నీ మాట మీద లేదు," అన్నాడు.

ఇంత మామూలుగా చెప్పాడు. అబద్ధం చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని. ఆ ఎలక్ట్రీషియన్ మీదకు నెట్టేసి ఉంటే, బహుశా కొంత నమ్మాలని చూసేదాన్ని కూడా.

సోమవారం అన్న వస్తాడని, అప్పటిలోగా ఆయనే చెప్పాలని, చెప్పకపోతే నేను చెప్తానని అన్నాను. మధ్యలో ఆదివారం వచ్చింది. చర్చిలో ఆడవాళ్ళ వైపు కూర్చుని, మగవాళ్ళ వైపు నుంచి ఆయన గొంతు వింటూ ఉన్నాను. ఎప్పటిలాగే పాడాడు. ఎక్కడా తడబడలేదు.

సోమవారం మొదటి బస్సుకు అన్న వచ్చాడు. సంచిలో కందిబేడలు తెచ్చాడు. కుర్చీ వేశాను, నీళ్ళిచ్చాను. మా ఆయన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఆయన నోరు తెరుస్తాడేమోనని చూశాను. కలం మూత తీస్తున్నాడు.

నేను లోపలికి వెళ్ళి తీగనూ స్విచ్చినీ తెచ్చి కాగితం మీద పెట్టాను. ఎక్కడ దొరికాయో, ఎలా పనిచేస్తాయో చెప్పాను. రెండు ముక్కల్లో చెప్పాలనుకున్నాను, వచ్చేసరికి చాలా మాటలు అయ్యాయి. మా ఆయన గోడకానుకుని నిలబడ్డాడు.

అన్న స్విచ్చిని చేతిలోకి తీసుకుని వేసి, ఆపి చూశాడు. టిక్కు టిక్కుమంది.

"పోయిన నెల ఆదివారం నువ్వు సూసినప్పుడు ఇది బండిలో లేదా?" అని అడిగాడు.

"ఉండే ఉంటుందన్నా. ఆపి ఉంటుంది."

"నీకు కనపళ్ళేదా?"

"లేదన్నా."

"చొక్కాలకు బెజ్జాలు పడతాండాయని నువ్వే అంటివే."

అవును, అన్నాను. చర్చి రాళ్ళ గొడవప్పుడే వదినతో అన్నాను, అన్న పక్కనే ఉన్నాడు. బ్యాటరీలోని యాసిడ్ పొంగి మీద పడితే తప్ప చొక్కాలు అలా కావని, యాసిడ్ పొంగిందంటే ఛార్జింగు ఎక్కువైందని తెలిసి కూడా, మీటరు ఒక్కసారి పద్నాలుగు చూపించేసరికి అన్నీ మరిచిపోయాను. మొగుడు అడిగాడన్న సంతోషంలో మరిచిపోయాను. ఆ సంగతి అన్నకు ఎలా చెప్పాలి?

"నిజంగా తెలీదన్నా," అన్నాను.

"సైన్సు సెప్పేదానివి గదా పాపా," అన్నాడు. కోపంగా అనలేదు. నిందించినట్టూ లేదు. అర్థం కాని లెక్కను ఇంకోసారి చదువుకుంటున్నట్టు అన్నాడు.

తర్వాత స్విచ్చిని పక్కన పెట్టి, కాగితాన్ని తన వైపు తిప్పుకుని సంతకం పెట్టాడు. వద్దన్నా, పెట్టొద్దన్నా, ఇప్పుడెందుకు అని నేను చెయ్యి పట్టుకున్నాను. మెల్లగా విడిపించుకున్నాడు.

"ఇంగ ఏ మొగం పెట్టుకోని కలిసి నడుపుతాం," అన్నాడు. మా ఆయన వైపు తిరిగి, "బండి నీదేనప్పా. ఆదివారాలు కూడా తోలుకో," అన్నాడు. అన్నం తినమంటే బస్సుకు టైమైందన్నాడు. ఆ వేళకు బస్సు లేదు. రోడ్డు దాకా వెంట వెళ్ళాను. చింతచెట్టు కింద ఇద్దరం గంటసేపు నిలబడ్డాం. వానల గురించీ, వదిన మోకాలి నొప్పి గురించీ మాట్లాడాడు.

ఆ తర్వాత ఆ లారీ ఏళ్ళ తరబడి ఒక్క బ్యాటరీ కూడా అడక్కుండా నడిచింది. చొక్కాలు బాగున్నాయి. నేను మొగుణ్ణి వదిలేయలేదు. ఎందుకు వదల్లేదని ఆ రోజుల్లో ఎవరూ అడిగే మాట కాదు, నన్ను నేను అడిగిందీ తక్కువే. వంట చేశాను, ఉతికాను, మాట్లాడాను. వేరుశనక్కాయలు మాత్రం తినలేకపోయేదాన్ని. కొన్నాళ్ళు తెచ్చాడు, తర్వాత మానేశాడు. ఒకసారి జ్వరంలో ఉన్నప్పుడు, తప్పు చేశానని తనంతట తానే అన్నాడు. ఏ తప్పు అని నేను అడగలేదు. అన్నకు చేసింది చెప్తున్నాడో, నాకు చేసింది చెప్తున్నాడో తెలుసుకోవాలని ఉండింది. కానీ అన్నకు చేసింది ఒక్కటే అయితే ఎలాగని ఊరుకున్నాను.

అన్న మా ఇంటికి రావడం మానేయలేదు. పండక్కి వచ్చేవాడు, శుభకార్యాలకు వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని వెళ్ళేవాడు. ఊళ్ళో ఎవరితోనూ ఆ స్విచ్చి మాట ఎత్తలేదు. లారీ వ్యాపారం తన వల్ల కాలేదని మాత్రం చెప్పాడట. చాలా ఏళ్ళకు వదినను కదిలించి చూశాను. "ఏం స్విచ్చి?" అంది ఆమె. అంటే ఇంట్లో కూడా చెప్పలేదు. నా పరువు కాపాడాడు. నన్ను నమ్మి కాపాడాడో, నమ్మకపోయినా చెల్లెల్ని కదా అని కాపాడాడో నాకు తెలియదు.

ఎనభైల మధ్యలో ఒక జూన్ నెలలో మా బడికి వచ్చాడు. వెంట పెద్ద కూతురు. ఎనిమిదో తరగతిలో చేర్చాలన్నాడు. మా పల్లెలో బడి ఏడు దాకానే ఉంది. ఫారం నేనే నింపాను. మా ఇల్లు బడికి రెండు వీధుల అవతల. ఉండేది ఎక్కడ అని అడగబోయాను. అంతలో, హాస్టల్లో సీటు మాట్లాడేసి వచ్చానన్నాడు. సరేనన్నాను. ఏ సెక్షన్లో వేయమంటావన్నా అంటే, "నీ సెక్షన్లోనే. అందుకే గదా ఈడికి తెచ్చింది," అన్నాడు.

ఆ మాటకు నాకు కళ్ళు తిరిగినంత సంతోషమైంది. పిల్లను క్లాసు గుమ్మం దాకా ఇద్దరం తీసుకెళ్ళాం. లోపలికి పంపే ముందు అన్న ఆ పిల్ల తల నిమిరి, నేను పక్కనుండగానే చెప్పాడు:

"మీ అత్త బాగా సెప్తాది. కానీ సెప్పింది సెప్పినట్టు రాసుకోవద్దు. నీ కండ్లతో సూసి రాసుకో."

పిల్ల తల ఊపి లోపలికి వెళ్ళింది. అన్న పంచె సర్దుకుని ఎండలోకి నడిచాడు. నేను హాజరుపట్టీ తీసుకుని లోపలికి వెళ్ళి, ఆ రోజు పాఠం మొదలుపెట్టాను.